ఆది జాకెట్టు

"ఎడమవైపు మళ్లీ ముడతలు పడుతోంది," అంటూ టీచరమ్మ నీలం జాకెట్టును బల్ల మీద పెట్టింది.

దర్జీ మిషను మీంచి కాలు తీసి, పళ్లు బిగబట్టి గట్టిగా ఊపిరి వదిలింది. ఇది నాలుగోసారి.

ఆదికని తెచ్చిన పాత జాకెట్టు కూడా ఆమె చేత్తో కుట్టిందే. ఏడేళ్లయింది. చిన్న మెడ, మోచేతుల దాకా చేతులు. బడిలో ఏ పెద్ద రోజైనా టీచరమ్మ ఒంటి మీద అదే ఉండేది. చంకల దగ్గర బట్ట జల్లెడలా పలచబడిపోవడంతో, అచ్చం అలాంటిదే కుట్టి పెట్టమని తెచ్చింది. సోమవారం నుంచి మళ్లీ బడికి వెళ్తుందట. ఆ రోజు అదే వేసుకుని పిల్లల ముందు నిలబడాలట. దర్జీ ముచ్చటపడి, పాతదాని కుట్లు విప్పి, ఒక్కో ముక్కనూ కాగితం మీద పరిచి గీసుకుంది. అదే నీలం కోసం మూడు కొట్లు తిరిగింది.

ఆ ముచ్చట ఇప్పుడు ఆవిరైపోయింది.

మొదటిసారి ఎడమవైపు వదులుగా ఉందంటే, అటు కుట్టు లోపలికి వేసింది. రెండోసారి మెడ ఒక పక్కకి లాగుతోందంటే, భుజం విప్పి సరిచేసింది. మూడోసారి ఎడమవైపు లోపల మెత్తటి గుడ్డ వేయమంది. ఒక్క పక్కకే అస్తరున్న జాకెట్టును దర్జీ తన జన్మలో చూడలేదు. అయినా నోరు మూసుకుని వేసింది. కొట్లో తెర ఉంది, నిలువుటద్దం ఉంది, ఇక్కడే వేసుకు చూడండంటే మాత్రం టీచరమ్మ తల అడ్డంగా ఊపి, సంచీలో పెట్టుకుని ఇంటికి పోతుంది. కొత్తగా కొలతలు తీస్తానంటే పాతవే చాలంటుంది.

అసలు ఎనిమిది నెలలుగా ఈమె ఇటువైపు తొంగిచూడకపోవడమే దర్జీకి మింగుడుపడలేదు. పదేళ్లుగా తన దగ్గరే కుట్టించుకుంటున్న మనిషి. వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద కొట్టు మోజులో పడి, అక్కడ చెడగొట్టుకుని, ఇప్పుడు వచ్చి తన పనికి వంకలు పెడుతోందని మొగుడి దగ్గర వాపోయింది. ఆడలేక మద్దెల ఓడు అనకు, చేతకాకపోతే బట్ట తిరిగిచ్చెయ్యి అన్నాడాయన. ఆ మాట పుండు మీద కారంలా పని చేసింది. రాత్రి అన్నం కూడా సయించలేదు.

ఇప్పుడు ఆ కారమంతా గొంతులోకి వచ్చింది. దర్జీ పాతదాన్ని గీసుకున్న కాగితాలు తెచ్చి జాకెట్టు మీద పరిచింది. కుడివైపు నూలుపోగంత తేడా లేదు. ఎడమవైపు ఉన్న తేడా అంతా టీచరమ్మ చెప్పి చేయించుకున్నదే.

"టీచరమ్మా, గాలికి కొలతలు తీసి కుట్టే విద్య నాకు రాదు," అంది. "ఇవాళ నిలబడి కొలత ఇస్తారా, మీ బట్ట మీరు పట్టుకుపోతారా?"

టీచరమ్మ ఆ నీలం బట్టను అరచేత్తో రెండుసార్లు నిమిరింది.

"సోమవారానికి అవుతుందా?" అని అడిగింది చివరికి.

"కొలత ఇస్తే ఎందుకవదు?"

టీచరమ్మ వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసి, తెర వెనక్కి నడిచింది. దారికొచ్చిందనుకుంటూ దర్జీ టేపు పట్టుకుని వెనకే వెళ్లింది. ఈ పనేదో మొదటిరోజే చేసుంటే ఇద్దరికీ ఈ తిప్పలు ఉండేవి కావు కదా అని గొణుగుతూనే, టీచరమ్మ వేసుకున్న వదులు చొక్కా మీంచే భుజాలు కొలిచింది, నడుము కొలిచింది. చంకల కిందుగా టేపు చుట్టి ముందుకు తేబోతుంటే, టీచరమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

తర్వాత తలొంచుకుని, చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది.

ఆమెకు ఎడమ రొమ్ము లేదు.