ఇంటిపేరు వాపసు

"మా ఇంటిపేరు మాకిచ్చేయండి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి. వెనకాల ఆయన భార్య.

రేపే మా అమ్మాయి ఉద్యోగంలో చేరాలి. దాని సర్టిఫికెట్ల నిండా ఆ పేరే.

"మా పూర్వీకుల గురించి ఆరా తీస్తే బయటపడిందమ్మా. మీ మామగారి తాత మా వాళ్లింట్లో అద్దెకు దిగాడు. తలుపు మీదున్న మా పేరు బోర్డు తియ్యలేదు. అందరూ ఆ పేరుతోనే పిలిచారు. ఈయన హాయిగా పలికాడు!"

"పోలీసులకు చెప్పారా?"

"ఇంకా లేదు."

"అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది. పోనీ ఇనీషియల్ ఒక్కటైనా ఉంచుకోనివ్వండి."

"కుదరదు. ఇంట్లోకొచ్చి ఉన్నంత మాత్రాన పేరు మీదైపోతుందా?"

కళ్లనీళ్లు తుడుచుకోబోతూ ఆగిపోయాను. నాకు మాత్రం ఈ పేరు ఎలా వచ్చిందని?

"వదినగారూ, మీకీ ఇంటిపేరు పుట్టుకతోనే వచ్చిందా?"

"లేదమ్మా. పెళ్లయి వీళ్లింటికి వచ్చాకే."

"అయితే అన్నయ్యగారూ, ముందు ఆవిడ దగ్గర తీసుకోండి. తర్వాత మేమూ ఇచ్చేస్తాం."

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ చెప్పులు విడిచి, గుమ్మం దాటి, నా పక్కన వచ్చి నిలబడింది.

"నేనివ్వను," అంది.