క్రౌన్ ఎటు పక్క?

కూతురు క్రౌన్ వీలుని ఎడమ పక్కకు దించడం చూసి మేస్త్రి గుండె గుభేలుమంది. ఆ పళ్ల చక్రం ఉండాల్సింది కుడి పక్క. పక్క మారిందంటే ట్రాక్టరు నడకే తిరగబడుతుంది. ముందుకెళ్లే గేర్లన్నీ వెనక్కి లాక్కుపోతాయి, వెనక గేరేస్తే ముందుకు పోతుంది. మెకానిక్కు అన్నవాడికి ఇంతకు మించిన అప్రదిష్ట లేదు. అలా బిగించినవాణ్ణి తోటివాళ్లు బతికున్నంత కాలం ఆటపట్టిస్తారు.

చెబుదామని నోరు తెరిచాడు. పందెం గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఆ పందెం ఆయన నోటి దురుసుతో తెచ్చిపెట్టుకున్నదే. షెడ్డు తనకు అప్పగించమని అమ్మాయి ప్రాణం తీస్తుంటే, ఈ చిన్న ట్రాక్టరు వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ విప్పి, బాగుచేసి, ఒక్కదానివే బిగించి చూపించమన్నాడు. బండి తెచ్చిన గోడౌను యజమానితో మాట్లాడటం దగ్గర్నుంచీ అంతా ఆమే చూసుకోవాలి. చేస్తే షెడ్డు తాళాలు ఆమెవి. చెయ్యలేకపోతే మారుమాట్లాడకుండా మేనమామ బట్టల కొట్లో గల్లా దగ్గర కూర్చోవాలి. తాను మాత్రం నోరు విప్పడు, బోల్టు ముట్టుకోడు.

నిజానికి ఇప్పటిదాకా పిల్ల పని చూసి ఆయన లోలోపల మురిసిపోతూనే ఉన్నాడు. వెనక చక్రాలు ఊడదీసి, బండిని చెక్క దిమ్మల మీద నిలబెట్టి, రెండు పక్కలా యాక్సిల్ గొట్టాలు లాగి, డిఫరెన్షియల్‌ని పసిబిడ్డను ఎత్తినట్టు బయటికి తీసింది. పాత ఆయిల్లో చెయ్యి పెట్టి, విరిగిన పళ్ల ముక్కలన్నీ వెతికి ఏరింది. కొత్త క్రౌను, దాన్ని తిప్పే పినియను, బేరింగులు వేసింది. సీటు కూడా ఊడదీసి గోడకు చేరేసింది. సీటుతో ఏం పనో ఆయనకు బోధపడలేదు. అడగడానికి వీల్లేదాయె.

ఇంత చక్కగా చేసి చివర్లో ఈ కర్మేమిటి? ఆయన దగ్గాడు. కుడి పక్కకు వెళ్లి నిలబడి మళ్లీ దగ్గాడు.

"నాన్నా, దగ్గొస్తే బయటికెళ్లి దగ్గు," అంది కూతురు తలెత్తకుండానే.

రెండు పక్కలా మూసేసి, బోల్టులు బిగించి, ఆయిలు డబ్బా కొనుక్కొస్తానని ఆమె బస్సెక్కింది. సాయంత్రం గోడౌనాయన వస్తాడట, ఆయన ఎదురుగానే నడిపి చూపిస్తుందట.

భోజనం క్యారియరు తెచ్చిన భార్యకు మేస్త్రి తలపట్టుకుని కూర్చుని కనిపించాడు. సంగతి విని ఆమె కూడా పక్కనే కూలబడింది.

"వచ్చాక చెప్పెయ్యండి."

"చెప్పనని మాటిచ్చాను కదే. చెబితే పందెం పోయిందని బట్టల కొట్టుకెళ్లి కూర్చుంటుంది. దాని పంతం నీకు తెలీదా?"

"మరి పరాయివాడి ముందు బండి వెనక్కి పోతే? రేపు ఈ వీధిలో దాన్ని ఎవరైనా మెకానిక్కు అంటారా?"

గ్రీజు మరకల చొక్కాలో తప్ప తన కూతుర్ని ఆయన ఊహించుకోలేడు. గల్లా పెట్టె వెనక చీరల బేరాలు వింటూ కూర్చున్న పిల్ల కళ్లముందు మెదిలేసరికి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. తాను వేసిన పందెంలో తానే ఓడిపోవాలని ఆయన మనసు కొట్టుకులాడింది.

"షెడ్డు తలుపు దగ్గరికి వేసి రా," అన్నాడు స్పానరు అందుకుంటూ.

ఆమె లైటు పట్టుకుంది. ఆయన ఒక్కో బోల్టూ విప్పి, గొట్టాలు లాగి, డిఫరెన్షియల్‌ని బయటికి తీసి, అటుది ఇటు తిప్పి, క్రౌన్ కుడి పక్కకు వచ్చేలా కూర్చోబెట్టాడు. పళ్లకూ పళ్లకూ మధ్య ఉండాల్సిన సందు కోసం పలచటి వాషర్లు మార్చి మార్చి వేశాడు. అదే సందు పిల్ల అంతకుముందు ఎంత నిక్కచ్చిగా కుదిర్చిందో తలుచుకుంటే ఇంకా బాధేసింది. మూసి, బిగించి, వేలిముద్ర కూడా మిగలకుండా తుడిచి, కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు. "నేనేం చూళ్లేదు," అంది భార్య లైటు ఆర్పేస్తూ.

సాయంత్రం అమ్మాయి వచ్చి ఆయిలు పోసింది, చక్రాలు బిగించింది. గోడౌనాయన రానే వచ్చాడు. సీటు లేని చోట అడ్డంగా చెక్క వేసుకుని కూర్చుని, బండి స్టార్టు చేసి, మొదటి గేరు వేసి క్లచ్ వదిలింది.

ట్రాక్టరు చప్పుడు లేకుండా, బుద్ధిగా ముందుకు కదిలింది.

మేస్త్రి కళ్లు చెమర్చాయి. ఆగబట్టుకోలేక ఎదురెళ్లి, మొలలోంచి తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు. నువ్వు నన్ను మించిపోయావని గోడౌనాయనకు వినపడేలా చెప్పాడు.

కూతురు నవ్వలేదు. బండి ఆపి, ఇంకో గేరు వేసి చూసింది. అప్పుడూ ముందుకే వెళ్లింది. కిందికి దిగి తాళాల వంక చూసింది, తర్వాత తండ్రి గోళ్ల వంక చూసింది.

"నీ చేతులకు ఈ నలుపెక్కడిది నాన్నా?"

మేస్త్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. భార్య వీధిలో ఏదో పని ఉన్నట్టు అటు తిరిగింది. గోడౌనాయన దగ్గరికొచ్చి బండి చుట్టూ తిరిగి చూసి తల గోక్కున్నాడు.

"ఇదేంటమ్మాయ్, ఇంకా ముందుకే నడుస్తోంది? పెట్టెలెత్తే ఫోర్కులు వెనక పెట్టిస్తున్నాను, సీటు వెనక్కి తిప్పి, ముందు గేర్లన్నీ వెనక్కి నడిచేలా క్రౌన్ రెండో పక్కకు మార్చి బిగించమన్నాను కదా."