సత్యభామ హాజరు

జాబితాలో పద్నాలుగో పేరు సత్యభామ. ప్రిస్సిల్లా మూడోసారి చేసినా ఆమె ఫోను స్విచాఫ్ అనే వచ్చింది.

ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ప్రిస్సిల్లా నర్సింగ్ డిప్లొమా చదువుతోంది. మధ్యాహ్నాలు అక్కడే ఆఫీసులో పార్ట్‌టైం పని. క్లాసులకు రావడం మానేసిన వాళ్ళకు ఫోన్ చేసి మళ్ళీ రప్పించాలి. చేరిన వందమందిలో ఎందరు చివరిదాకా చదివారన్నదే కాలేజీ ప్రగతికి కొలత. పోయిన ఏడు యాభై ఎనిమిది. ఈసారి డెబ్బై దాటాలని పైవాళ్ళ పట్టుదల.

ప్రిస్సిల్లాకు మాత్రం అది వట్టి అంకె కాదు. నిరుడు ఒక సబ్జెక్టు పోయి, తనే చదువు మానేద్దామనుకుంది. ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ వెళ్ళింది. నాన్న రాయప్ప ఒక్క మాటా అనకుండా నెల రోజులు కార్లో తెచ్చి దింపాడు. అందుకే నిలబడింది.

సత్యభామది వృద్ధుల సంరక్షణ కోర్సు. నాలుగు వారాలుగా హాజరు లేదు. ఇంకో ప్రాక్టికల్ తప్పితే పేరు తీసేస్తారు. ఆమె చేరినప్పుడు ఇచ్చిన రెండో నంబరు భర్త శేషాచలంది. ప్రిస్సిల్లా దానికి చేసి విషయం చెప్పింది.

అవతల టీవీ చప్పుడు తగ్గింది.

“తను నాతో ఏమీ చెప్పదమ్మా, వెనకబడిపోయానని షేమ్‌గా ఫీలవుతుందేమో,” అన్నాడాయన మెల్లగా. “నేనే దగ్గరుండి చూసుకుంటాను. క్లాస్ ఎక్కడో, ఏ టైంకో చెప్పు తల్లీ.”

ప్రిస్సిల్లాకు నాన్న గుర్తొచ్చాడు. గురువారం తొమ్మిదింటికి, రెండో బ్లాకులో అని చెప్పింది. ‘కుటుంబం అండ’ అన్న గడిలో టిక్కు పెట్టింది. సత్యభామకు కూడా మెయిల్ పంపింది, అరగంట ముందే వస్తే తప్పిన పాఠం టీచర్ చెబుతారని. సాయంత్రానికి ఒక్క మాట జవాబొచ్చింది. వస్తాను.

గురువారం పొద్దున్నే వాన. సత్యభామ ఎనిమిదిన్నరకు ఆఫీసు గుమ్మంలో ఆగింది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి.

“మెయిల్ పెట్టింది మీరేనా? నేను రాకపోతే ఎవరికీ పట్టదనుకున్నానండీ,” అంది.

టీచర్ ట్రాఫిక్‌లో చిక్కుకున్నారని చెప్పి, ప్రాక్టికల్ గది తెరిచి ఆమెను కూర్చోబెట్టింది ప్రిస్సిల్లా.

పావుగంటకు శేషాచలం వచ్చాడు. చేతిలో స్టీలు క్యారేజీ. భార్య ఏమీ తినకుండా వచ్చేసిందనీ, ఒకసారి చూసి వెళ్తాననీ అన్నాడు. ప్రిస్సిల్లాయే గదిదాకా తీసుకెళ్ళింది.

సత్యభామ ప్రాక్టికల్ కోసం వేసిన మంచం మీద దుప్పటి పరుస్తోంది. అడుగుల చప్పుడుకు తిరిగి చూసింది. దుప్పటి చేతిలోంచి జారింది.

ప్రిస్సిల్లా కళ్ళు చెమర్చాయి. శేషాచలం ఆమెకు థాంక్స్ చెప్పి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ప్రిస్సిల్లా సీటుకు తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ జాబితా చూసి ఫోన్లు చేయడమే తప్ప ఎవరి ఫైలూ తెరవలేదు. ‘తిరిగి వచ్చింది’ అని రాయడానికి సత్యభామ ఫైలు తెరిచింది. మొదటి పేజీలోనే, పోయిన నెల తేదీతో, ఎర్రటి అక్షరాలు.

‘కోర్టు ఉత్తర్వు: ఈమె ఆచూకీ భర్తకు చెప్పరాదు.’