కత్తి పక్కన తెర

హలో... నా గొంతు వినబడుతోందా అందరికీ? చేతిలో పని ఆపక్కర్లేదు, చేసుకుంటూనే వినండి. పెద్ద కథేం కాదు.

ఒక ఫిట్టర్ ఉన్నాడు. భార్యకు నడుము ఆపరేషన్ అయింది. మంచం దిగాలంటే చెయ్యందించే మనిషి ఉండాలి.

అందుకే ఫ్యాక్టరీ మానేసి, ఇంటి వెనక రేకుల గదిలో ఒక పాత మిల్లింగ్ మిషను పెట్టుకున్నాడు.

ఒక కంపెనీవాళ్ళు పరీక్షకని రెండు ఇనుప ముక్కలిచ్చారు. ఒక్కటైనా కొలతకు వస్తే పని ఇంటికే పంపిస్తామన్నారు.

రాకపోతే మళ్ళీ ఫ్యాక్టరీయే. రోజంతా ఆవిడ ఒక్కతే.

ఇనుము చెక్కే కత్తి ఎంత కదిలిందో అంకెల్లో చూపించే కంప్యూటరు మిషనుతోనే వచ్చింది. మానిటర్ మాత్రం రాలేదు. కొనడానికి షాపుకెళ్ళాడు.

అక్కడ మూల కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"మిల్లింగ్ మిషనుకా నాయనా? ఎక్కడ కొన్నావు?"

"పాత సామాన్లవాడి దగ్గరండీ. పచ్చ రంగుది."

పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"అయితే ఆ పెద్దది వద్దు. అద్దంలా మెరుస్తోంది, అంకెల బదులు ట్యూబ్‌లైటు కనబడుతుంది. ఈ చిన్నది తీసుకుని కత్తి పక్కనే బిగించుకో."

"నాకు యాభై దాటాయండీ. చిన్నది కంటికి ఆనొద్దూ?"

"కన్ను కత్తి మీద ఉండగానే అంకె కనబడాలి. తల తిప్పావా, పని పోయినట్టే."

ఫిట్టర్‌కు చిర్రెత్తింది.

"ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు నాది! చిన్నవి అమ్ముడుపోవట్లేదని కూర్చోబెట్టారా మిమ్మల్ని?"

షాపాయన ఏదో అనబోయాడు. పెద్దాయన చేత్తో ఆపి నవ్వాడు.

"నీ ఇష్టం నాయనా. పని చేసేవాడివి నువ్వు."

పెద్దదే కొన్నాడు. కత్తి పక్కన పట్టలేదు. గోడకు తగిలించాడు.

మంచం మీంచే కిటికీలోంచి చూసి భార్య నవ్వింది. "ఏంటండీ, సినిమా హాలు తెరిచారా?"

"నీకు టిక్కెట్టు ఫ్రీలే."

మర్నాడు మొదటి ముక్క బిగించాడు. అంకె కోసం గోడవైపు తల తిప్పాడు. ట్యూబ్‌లైటు వెలుగులో అంకెల మధ్య చుక్క ఎక్కడుందో తెలియలేదు. కళ్ళు చిట్లించి చూసేలోగా కత్తి దిగిపోయింది.

మిషను ఆపి, వచ్చి మంచం అంచున కూలబడ్డాడు.

"పోయిందా?"

"పోయింది. ఒక పెద్దాయన చెప్పనే చెప్పాడు. నేనే వెటకారం చేశా."

"ఇంకోటి ఉందిగా. వెళ్ళి ఆయన్నే అడగండి. మీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు."

వెళ్ళాడు. కుర్చీ ఖాళీగా ఉంది. మానిటర్ మార్చుకుని, ఆయన చెప్పినట్టే చిన్నది కత్తి పక్కన బిగించాడు.

ఈసారి తల తిప్పే పనే పడలేదు.

రెండో ముక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. కంపెనీలో కొలిచినాయన తలూపాడు. "సోమవారం నుంచి సరుకు మీ ఇంటికే."

ఇంటికి ఫోన్ చేశాడు. అవతల ఆవిడ గట్టిగా నవ్వేసింది. తర్వాత, "ముందు ఆ పెద్దాయనకి చెప్పి రండి" అంది.

ఫిట్టర్ పరుగున షాపుకెళ్ళాడు.

"మీ పెద్దాయన ఏరండీ?"

"మా పెద్దాయనేంటి? ఆయన మా మనిషి కాదండీ, పేరు కూడా తెలీదు. కూతురి దగ్గరే ఉంటానని మొన్ననే ఊరు వదిలి వెళ్ళిపోయారు. నెంబరు కూడా లేదు."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"తొమ్మిది రోజులు కూర్చున్నారండీ. షాపు తియ్యగానే వచ్చేవారు. మీరు వచ్చి వెళ్ళాక ఇక రాలేదు."

ఫిట్టర్‌కు అర్థం కాలేదు.

"చూపు సన్నగిల్లి ఏదో మిషనును మానిటర్ లేకుండానే పాత సామాన్లవాడికి అమ్మేశారట. కొన్నవాళ్ళు మానిటర్ కోసం ఊళ్ళో ఉన్న ఈ ఒక్క షాపుకే రావాలి కదా, ఒక్క మాట చెప్పి వెళ్దామని ఆగారు," అన్నాడు షాపాయన. "మీ మిషను మీద ముప్పై ఏళ్ళు పనిచేసింది ఆయనేనండీ."

ఇంతే కథ. మీకు తెలిసినవాళ్ళకి ఈ కథ చెప్పండి. ఆ నోటా ఈ నోటా పడి ఎప్పటికైనా ఆ పెద్దాయన చెవికి చేరితే, నాకంతే చాలు.