పాత కంపైలరే నయం

“అమ్మాయ్, కొత్త కంపైలర్ పెట్టావుగా, చూడు! ప్రోగ్రాం నత్తనడక నడుస్తోంది. మర్యాదగా పాతది పెట్టెయ్,” అన్నారు మామగారు ఆఫీసంతా వినేలా.

కోడలు లినక్స్ మెషీన్‌లో బిల్డ్ ఫోల్డర్ మొత్తం తుడిచేసి, కోడ్‌ని కంపైలర్ చేత ప్రోగ్రాంగా మార్పించే ఆ బిల్డ్‌ని మళ్లీ మొదట్నుంచి చేసింది.

ప్రోగ్రాం పరుగందుకుంది.

“అదీ! పాతదంటే అదీ!” ఆయన మీసం దువ్వారు.

“మామయ్యగారూ, పొద్దున ఈ ఫోల్డర్ తుడవడం మర్చిపోయా. నేను సెట్టింగ్ మార్చినా, అందులో మిగిలిపోయిన పాత వివరాల వల్ల బిల్డ్ పాత కంపైలర్‌నే పట్టుకు వేలాడింది. ఇందాకట్నుంచి మీరు తిట్టింది దాన్నే. కొత్తది ఇప్పుడే ఎక్కింది.”

ఆయన కళ్లజోడు తుడుచుకుని స్క్రీన్ మీది వెర్షన్ నంబరు మళ్లీ చూశారు. కొత్తదే.

“సరే, ఇదే ఉంచు,” అన్నారు గొంతు తగ్గించి. “నేను రిటైరయ్యేదాకా దీన్నే పాతదందాం.”