అరువు పిల్లలు

రేడియోలో ఆ కబురు వినపడగానే కెల్వే దీవిలో అన్నిటికంటే ముందు పడవ కదిలేది.

"కెల్వే బడి మాస్టారికి మనవి. వచ్చే మంగళవారం విద్యాశాఖ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారు."

దొంగని పట్టుకోడానికి వస్తూ చాటింపు వేయించుకునే పోలీసులా ఉందని ఊరంతా నవ్వుకునేది.

పిల్లలు తగ్గితే బడి ఎత్తేస్తారు. కెల్వేలో పిల్లలెప్పుడూ తక్కువే. ఎదురుగా ఉన్న లిన్వా దీవిలో పిల్లలకి కొదవ లేదు, బడి మాత్రం లేదు. అందుకని తనిఖీ రోజున లిన్వా పిల్లల్ని అరువు తెచ్చుకోవడం పాత ఏర్పాటు. పొద్దున్నే లిన్వా పడవవాడు నికనోర్ తాత వాళ్ళని పడవలో దింపేవాడు, సాయంత్రం తీసుకుపోయేవాడు. బదులుగా లిన్వాకి ఒక బస్తా బంగాళాదుంపలు వెళ్ళేవి.

ఆ మంగళవారం వాన. ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి, మందపాటి కళ్ళద్దాలు తుడుచుకుంది.

"నీ పేరేంటమ్మా?"

"మార్తా అండీ" అంది ముందు బెంచీలో పిల్ల.

పోయినేడు ఇదే పిల్ల తన పేరు ఇనేస్ అని చెప్పింది.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తియొలిందా కంగారుగా మాస్టారికేసి చూసింది. తల్లిదండ్రుల సంఘానికి ఆవిడే పెద్ద. బడి పోతే తన ఏడేళ్ళ నెల్దాని పట్నం హాస్టల్లో వెయ్యాలి. పెద్దవాణ్ణి అలాగే వేసింది. వాడిప్పుడు సెలవులకి వచ్చినా చుట్టంలా గుమ్మంలోనే నిలబడతాడు.

ఇన్‌స్పెక్టరు ఆ పిల్ల కాళ్ళకేసి చూసింది. మోకాళ్ళ దాకా సముద్రపు తడి.

"పొయ్యి దగ్గరికి జరుగు" అంది.

తర్వాత తను వచ్చిన పని పక్కన పెట్టి, లిన్వా పిల్లల్నే చుట్టూ కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం దాకా అక్షరాలు దిద్దించింది.

"గుడ్డిది కాకపోతే, రేపు రాని పిల్లలకి చదువు చెబుతుందేంటి మాస్టారూ?" అని గొణిగింది తియొలిందా.

"ఊరుకో అక్కా, వింటుంది."

వెళ్ళేటప్పుడు ఇన్‌స్పెక్టరు తియొలిందా ఇంటి గుమ్మం ముందు ఆగింది. నిలువునా తడిసిపోయి ఉంది.

"వేడిగా ఏమైనా ఉంటే కాస్త పెడతావా అమ్మా?"

"పొయ్యి వెలిగించలేదండీ."

పొగగొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది. దుంపరొట్టె వాసన గుమ్మం దాకా కొడుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరు తలెత్తి ఆ పొగని చూసింది, దాని మాట ఎత్తలేదు.

"నేను రావడం ఇదే ఆఖరు. బళ్ళన్నీ మునిసిపాలిటీలకి ఇచ్చేశారు. ఇక వాళ్ళే వస్తారు. వాళ్ళ దగ్గర తక్కువ మాట్లాడమ్మా."

"కుర్చీ పోతోందని ఏడుపు" అంది తియొలిందా తలుపేసుకుని.

మునిసిపాలిటీ ఆయన మంచి ఎండరోజున మోటారు పడవలో వచ్చాడు. రేడియోలో ఏ కబురూ లేదు. అందరినీ పేరు పేరునా పలకరించాడు. తియొలిందా వేడి వేడి రొట్టెలు పెట్టింది.

"ఇక రాజధానిలో కూర్చున్న శాంటియాగో వాళ్ళ పెత్తనం ఉండదు. మన బడి మన చేతిలోనే. ఏమున్నా మాతో చెప్పుకోండి" అన్నాడు.

"పుణ్యం కట్టుకున్నారు బాబూ. ఆ కళ్ళద్దాలావిడతో చచ్చాం."

"అంత గట్టిదా?"

"గట్టిదా నా మొహమా. ఏటా లిన్వా పిల్లల్ని తెచ్చి మా పిల్లలని చూపిస్తే, తలూపి పోయేది."

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. తియొలిందా కూడా నవ్వింది. మాస్టారు మాత్రం నేలకేసి చూశాడు.

"అయితే మీ సొంత పిల్లలెంతమందేంటి?" అన్నాడాయన రొట్టె తుంచుకుంటూ.

చలికాలం రాకముందే బడి తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. ఇప్పుడు డబ్బొచ్చేది పిల్లల తలల లెక్కన, తలలు లేని బడిని నడపలేమంది మునిసిపాలిటీ. శాంటియాగోకి మొరపెట్టుకుంటే, బళ్ళ సంగతి ఇప్పుడు మాది కాదన్నారు. ఇద్దరి మధ్యా నెల్దా బట్టల మూట సిద్ధమైంది.

పట్నానికి నికనోర్ తాత పడవే తీసుకెళ్ళింది. నెల్దా ఏడవలేదు. తల్లి పక్కన కాకుండా దూరంగా, పడవ ముక్కు దగ్గర కూర్చుంది. తియొలిందాకి అదే ఎక్కువ నొప్పి పుట్టించింది.

"అంతా ఆ కళ్ళద్దాల మహాతల్లి చేసిందే తాతా. పోతూ పోతూ మన మీద చెప్పేసి ఉంటుంది."

"ఆవిడ చెప్పలేదు."

"నీకేం తెలుసు?"

"వస్తున్నానని ముందే రేడియోలో ఎందుకు చెప్పించేదనుకున్నావు? నాకు పిల్లల్ని పోగేసుకునే వ్యవధి ఉండాలని."

తియొలిందా పడవ అంచు పట్టుకుని అతని వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క ముక్క అన్లేదేం?"

"అంటే ఆవిడ ఉద్యోగం అప్పుడే ఊడేది. నీ నోరు నాకు తెలీదా?"

"అసలెవరు తాతా ఆవిడ?"

నికనోర్ తాత తెడ్డు ఆపలేదు, ఆమె వైపు చూడనూ లేదు.

"మా లిన్వా పిల్లే. నేను తెడ్డు పట్టిన కొత్తలో, తనిఖీ రోజున మీ బడికి మొట్టమొదట దింపిన అరువు పిల్ల ఆవిడే, సాయంత్రం బెంచీ దిగనని ఒకటే ఏడుపు."