వెనక తెడ్డు

తడి బట్టలతోనే ఇంట్లోకి వచ్చి వడ్రంగి కేకేశాడు.

"నీ తమ్ముడు ఈ గడప తొక్కాడంటే కాళ్లు విరగ్గొడతా!"

భార్య తువ్వాలు అందించింది. "ఓడిపోయారా?"

"ఓడిపోవడమేంటి? ఓడించాడు!"

జంట పడవలో ఇద్దరే మనుషులు, చెరో పక్కన చెరో తెడ్డు. ఇద్దరి లాగుడూ సమానంగా ఉంటేనే పడవ తిన్నగా పోతుంది. ముందు బావ, వెనక బావమరిది. ముందు కూర్చున్నవాడికి వెనకవాడు కనిపించడు. నమ్మి తెడ్డు వెయ్యడమే. ఏడేళ్లుగా అలాగే వేశారు. గీత గీసినట్టు పోయేది పడవ.

ఆ పడవ వడ్రంగి స్వయంగా చెక్కిందే. అయినా క్లబ్బు నియమం క్లబ్బుదే. ఏటా క్లబ్బు లోపలి పోటీలో గెలిచిన జంటకే అందులో చోటు. రేపటి నుంచి ఇంకెవరో అందులో కూర్చుంటారు.

గమ్యం దగ్గర పడుతుంటే పక్క పడవ సరిసమానంగా వచ్చేసింది. "దాచుకోకురా! ఉన్న బలమంతా పెట్టు!" అని వడ్రంగి గొంతు చించుకున్నాడు. అంతే. వెనక తెడ్డు ఒక్క గుంజు గుంజింది. పడవ పక్కకు తిరిగి పోయి పోయి ఒడ్డున జమ్ములో దూరింది.

"వాడికి తిన్నగా లాగడం రాదా? కావాలనే తిప్పాడు. మొన్న అవతలి క్లబ్బువాళ్లతో టీ తాగుతుంటే ఈ కళ్లతో చూశా. వాళ్ల జట్టులోకి రమ్మని పిలుస్తున్నారట! తెడ్డు పట్టడం నేర్పింది నేను. పాముకి పాలు పోశాను."

"భుజం నొప్పెడుతోందా?"

"నా భుజానికేం? ఇనుము!"

రెండేళ్ల కిందట ఒకసారి పట్టేసిన మాట నిజమే. అది ఎప్పుడో తగ్గిపోయింది. కొట్టులో బరువు చెక్కలు ఈమధ్య పనివాళ్లే లాక్కుని మోస్తున్నారంటే, పెద్దవాడికి ఆ మాత్రం మర్యాద ఇవ్వొద్దూ మరి.

గుమ్మంలో అలికిడైంది. బావమరిది. బావ ఒడ్డున విసిరేసి వచ్చిన తెడ్డు అతని చేతిలో ఉంది.

"ఏం మొహం పెట్టుకుని వచ్చావురా?" వడ్రంగికి కోపం కన్నా ఏడుపే ముందుకొచ్చింది. "ఏడేళ్లు నీకు వీపిచ్చి కూర్చున్నా. ఒక్కనాడైనా వెనక్కి తిరిగి చూశానా? ఎందుకురా ఇలా చేశావ్? నిజం చెప్పు."

అక్క కళ్లతోనే వద్దంది.

బావమరిది తెడ్డును గోడకు ఆనించాడు.

"నువ్వే కదా బావా అరిచావు... నీ భుజం పట్టేసినప్పటి నుంచి ఈ రెండేళ్లలో, నేను ఉన్న బలమంతా పెట్టింది ఇవాళ ఒక్కసారే."